క్రైస్తవ పరిచర్యకు దైవ పిలుపు

దేవుడు తన పనికోసం మనుషులను ఎన్నుకుంటాడనీ, ఎన్నుకున్నవారిని ఆ పనికి తగినట్లు సిద్ధపరుస్తాడనీ క్రైస్తవుల విశ్వాసం. దీన్నే దైవ పిలుపు అంటారు. తెలుగు సంఘాల్లో 'సేవా పిలుపు' అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇది కాపరులకు, సువార్తికులకు మాత్రమే వచ్చేదన్న అభిప్రాయం బలంగా ఉంది కానీ బైబిలు ఆ మాట అనదు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపిన బెసలేలు బోధకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్రతో పనిచేసే నేర్పరి. ప్రత్యక్ష గుడారానికి కావలసినవన్నీ తయారుచేయడమే అతని సేవ.

ఎన్నిక అర్హతకు దక్కిన బహుమానం కాదన్నది బైబిలు అంతటా కనిపిస్తుంది. మోషే తాను నోటి మాంద్యం గలవాడినన్నాడు. యిర్మీయా తాను బాలుడినన్నాడు. ఆమోసు తెకోవలో పశువులు కాసుకుంటూ మేడిపండ్ల చెట్లు చూసుకునేవాడు. ఈ కథల్లో జనం తరచుగా దాటేసేది పిలుపుకు ముందో తర్వాతో గడిచిన సుదీర్ఘ కాలాన్ని. మోషే 40 ఏళ్లు మిద్యానులో గొర్రెలు మేపాకే మండుతున్న పొద దగ్గర పిలుపు విన్నాడు. ఫరో ఎదుట నిలిచేనాటికి అతనికి 80 ఏళ్లు.

పౌలు జీవితంలో ఇది మరింత స్పష్టం. దమస్కు దారిలో అతనికి కలిగిన దర్శనం క్షణాల మీద జరిగింది, తయారీ మాత్రం ఏళ్లు పట్టింది. ఆ దర్శనంతో చూపు కోల్పోయిన అతనిపై చేతులుంచి ప్రార్థించినవాడు అననీయ అనే సామాన్య శిష్యుడు. తర్వాత పౌలు అరేబియాకు వెళ్లాడు, దమస్కుకు తిరిగివచ్చాడు. మూడేళ్ల తర్వాతే యెరూషలేముకు వెళ్లినట్లు గలతీయులకు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. తార్సులో ఉన్న అతన్ని బర్నబా వెతికి అంతియొకయకు తీసుకొచ్చాడు. ఇద్దరూ అక్కడ ఒక ఏడాది బోధించాకే, ఆ సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి వారిని పంపింది (అపొస్తలుల కార్యములు 13). పిలిచింది దేవుడే అయినా గుర్తించి పంపింది సంఘం. ఈ రెండింటినీ విడదీసిన చోటల్లా సేవ పాడవుతుంది.

సిద్ధపరచడమంటే ముందుగా కృపావరాలు ఇవ్వడం. రోమీయులకు 12, మొదటి కొరింథీయులకు 12, ఎఫెసీయులకు 4 అధ్యాయాల్లో వీటి వరుసలున్నాయి. బోధ, ప్రవచనంతో పాటు ఉపకారం చేయడం, కనికరించడం, కార్యనిర్వహణ కూడా వాటిలో ఉండటం గమనించాలి. సేవ అందరిదీ అన్న ఈ భావం సంఘ చరిత్రలోనూ కనిపిస్తుంది: 1520లో సంస్కర్త మార్టిన్ లూథర్ బాప్తిస్మం పొందిన ప్రతివారూ యాజకులేనని రాశాడు. వరాలకు శిక్షణ కూడా తోడవాలి: గురువుల శిక్షణకు సెమినరీలు ఏర్పరచాలని కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1563లో తీర్మానించింది.

దేవుడు పిలిచి సిద్ధపరుస్తాడనడానికి తెలుగు నేలపై వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితం గొప్ప నిదర్శనం. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు కానీ పట్టా పొందలేదు. వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘాన్ని, 1905లో జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించడంలో ముందున్నారు. ఇతరులను పంపే పనిలో ఉన్న ఆయన 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి, డీకన్‌గా దీక్ష తీసుకుని, నాటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు తానే మిషనరీగా వచ్చారు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకున్నారు. భారతీయుడిని బిషప్ చేయడాన్ని పలువురు వ్యతిరేకించినా, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘాల తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు.

డోర్నకల్ ప్రాంత విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. తరతరాలుగా చదువుకు దూరం చేయబడినవారు. వారిలోంచే ఉపాధ్యాయులను, గురువులను తయారుచేయాలని అజరయ్య పట్టుబట్టారు. డోర్నకల్‌లో గురు విద్యార్థులకు భార్యలతో సహా శిక్షణ ఇచ్చారు; పల్లెలో కాపరి ఇల్లే పాఠశాల కావాలన్నది ఉద్దేశం. బాప్తిస్మం పొందినవారు తమ చేయి తలపై పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాటతో ఒప్పుకునేలా చేశారు. చదువురాని కూలీ మనిషి కూడా సేవకు పిలువబడ్డవాడేనని ఇంత సూటిగా ఆచరణలో పెట్టిన నాయకులు అరుదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కథీడ్రల్ డోర్నకల్‌లో నేటికీ ఉంది. ఆయన 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు.

పిలుపు వచ్చిందని ఎవరైనా చెప్పినంత మాత్రాన సంఘం వెంటనే అంగీకరించనక్కరలేదు. మొదటి తిమోతి 3వ అధ్యాయం సంఘ అధ్యక్షుడికి పెట్టిన షరతుల్లో బోధించగల నేర్పు తప్ప దాదాపు అన్నీ నడవడికకు సంబంధించినవే: మితానుభవం, ధనాపేక్ష లేకపోవడం, ఇంటిని చక్కగా ఏలుకోవడం, బయటివారి దగ్గర మంచి పేరు. కొత్తగా చేరినవాడిని ఆ పదవిలో పెట్టవద్దని కూడా అక్కడే ఉంది. కాబట్టి పిలుపు తెలిసినవారు దాన్ని సంఘ పెద్దల ముందుంచాలి, వారి పరీక్షకు లోబడాలి, నేర్చుకోవడానికి కాలం ఇవ్వాలి.