విసనకర్ర కింద పెట్టిన ప్లీడరు

ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి రా చిన్నోడా, పొగంతా నా మొహం మీదికే వస్తా ఉంది. ఆఁ, చాలు.

మా చిన్నప్పుడు కార్తీక దీపానికి అరుణాచలం పోవాలంటే చిత్తూరులో మీటర్ గేజి బండి ఎక్కేవాళ్లం. కాట్పాడి, వేలూరు మీదుగా, బొగ్గు నుసి కళ్లల్లో పడతా పడతా పోయేది. మీ ముత్తవ్వ మూట విప్పి పులిహోర పంచుతా ప్రతిసారీ ఒకే కథ ఎత్తుకునేది, రమణ మహర్షి వాళ్లమ్మ కథ. చెప్పేటప్పుడు ఆమె గొంతులో రవంత కోపం ఉండేది. అమ్మ పక్షం గదా!

1898 డిసెంబరు. ఆ తల్లి అళగమ్మ పెద్దకొడుకును వెంటబెట్టుకొని అరుణాచలంలో పవళకుండ్రు అనే గుట్టకు వచ్చింది. ఇల్లు విడిచి రెండేళ్లు దాటిన పిల్లోడు అక్కడ కనిపించినాడు. జడలు కట్టిన జుట్టు, పెరిగిన గోళ్లు, ఒంటి మీద గోచి. రోజూ ఏదో ఒకటి చేసి తెచ్చి పెట్టేది, ఇంటికి రమ్మని ఏడ్చేది. ఆయన ఉలకడు పలకడు. చూస్తున్నవాళ్లకే మనసాగక, ఒకాయన కాగితం, పెన్సిలు చేతికిచ్చి రాసైనా చెప్పమన్నాడు. రాసినాడు. ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వాళ్లను ఆడించేవాడు ఆడిస్తాడు, జరగనిది ఎంత తన్నుకున్నా జరగదు, జరిగేది ఎంత అడ్డుపడినా ఆగదు, కాబట్టి ఊరకుండడమే మేలని దాని సారం. అమ్మా అనే పిలుపు గూడా లేదు. కన్నతల్లికి రాసే జాబేనా అది అని మీ ముత్తవ్వ నిష్ఠూరం.

ఆ మాట అడ్డం పెట్టుకొని పని ఎగ్గొట్టినోళ్లను చానామందిని చూసినా. అంతా రాసిపెట్టే ఉంది గదా, చేను దున్నితే ఏమి, దున్నకుంటే ఏమి అనేవాళ్లు. అట్లాంటోళ్లకు కూడు వండే ఆడోళ్లు మాత్రం ప్రారబ్ధం మీద భారం వేసి పొయ్యి ఆర్పలేదు. అది వేరే మాట.

అద్వైతుల లెక్కలో కర్మ మూడు రకాలు. జన్మజన్మలుగా పోగుపడింది సంచితం, ఇప్పుడు చేసేది ఆగామి, పండి అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం. శంకరుల పేరున ఉన్న వివేకచూడామణిలో ఒక బాణం ముచ్చట వస్తుంది. పులి అనుకొని వదిలినాడు. తీరా చూస్తే అది ఆవు. తెలిసినంత మాత్రాన బాణం నిలబడుతుందా? జ్ఞానికైనా ప్రారబ్ధం తప్పదనడానికి అది చెప్తారు. ఆ గ్రంథమే ఇంకొంచెం ముందుకు పోయి, దేహం నేను కానే కాదని తెలిసినాక ప్రారబ్ధం ఎవరికని అడుగుతుంది. సరే, బాణం వేసిందెవరు? మనమే గదా. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి నూరిపోసేది అదే. దైవం దైవం అంటారే, అది మన పాత పౌరుషమే, ఈనాటి పౌరుషంతో దాన్ని గెలవచ్చునంటాడు.

ఇప్పుడు ఆ జాబు రాసినాయనే ఇల్లు ఎట్లా విడిచినాడో విను. 1896 ఆగస్టు 29, మధురలో. వయసు పదహారు. బళ్లో ప్రత్యేక క్లాసుందని అన్నకు చెప్పినాడు. అట్లయితే పెట్టెలో అయిదు రూపాయలున్నాయి, నా కాలేజీ ఫీజు కట్టి పో అన్నాడు అన్న. పిల్లోడు పాత అట్లాసు తిప్పి, అరుణాచలానికి దగ్గర స్టేషను తిండివనమని చూసుకొని, లెక్కేసుకొని మూడు రూపాయలే తీసుకున్నాడు. మిగిలిన రెండూ ఒక చీటీతో అక్కడే పెట్టినాడు. టికెట్టుకు రెండు రూపాయల పదమూడణాలు పోయినాయి. తీరా బండిలో ఒక మౌల్వీ చెప్పినాడు, తిరువణ్ణామలైకే, అంటే అరుణాచలానికే రైలుంది, విళుప్పురంలో మారాలని. అట్లాసు పాతది మరి! చేతిలో మూడణాలు. కొంత రైలు, కొంత నడక. దారిలో చెవిపోగులు కుదవపెట్టి నాలుగు రూపాయలు తెచ్చుకొని, సెప్టెంబరు 1న గుడి చేరినాడు. జరిగేది ఎట్లయినా జరుగుతుందిలే అని మధురలో చాప పరుచుకొని పడుకోలేదు.

అళగమ్మా ఊరకుండలేదు. ఆ జాబు చూసి వెళ్లిపోయిందే గాని, 1916లో కొడుకు దగ్గరికే వచ్చి ఉండిపోయింది. 1922 మే 19న ఆమె ప్రాణం పోయేదాకా ఆయన ఒక చెయ్యి ఆమె గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టుకొని పక్కనే కూర్చున్నాడు. ఆశ్రమంలో మాతృభూతేశ్వరుడి గుడి ఆమె సమాధి మీద కట్టిందే. ఇక్కడికొచ్చేసరికి మీ ముత్తవ్వ కోపం దిగిపోయేది, పులిహోర రెండో వాయి పంచేది.

మా నాయనకు నచ్చింది ఇంకో ముచ్చట. మన చిత్తూరు ప్లీడరు దేవరాజ మొదలియారు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం, ఆశ్రమం పాత హాల్లో మహర్షి ఎదురుగా కూర్చున్నాడు, చేతిలో విసనకర్ర. ప్లీడరు బుద్ధి ఊరుకుంటుందా? కుటుంబం, ఉద్యోగం, పెళ్లి, చావు, ఈ పెద్దవన్నీ కర్మను బట్టి ముందే తీర్మానమై ఉంటాయంటే ఒప్పుకుంటా. ఇదిగో, ఈ విసనకర్ర కింద పెడతా ఉన్నా. ఫలానా రోజు, ఫలానా గంటకు దీన్ని ఇక్కడ పెడతానని గూడా రాసుందా అని అడిగినాడు. ఉందని తడుముకోకుండా చెప్పినాడు మహర్షి. ఈ దేహం చేసేదంతా అది పుట్టినప్పుడే తీర్మానమైందన్నాడు. మరి మనిషికి స్వేచ్ఛ ఏముందంటావా? ఆ దేహం నేననుకోకుండా ఉండే స్వేచ్ఛ, సుఖదుఃఖాలు నావి అనుకోకుండా ఉండే స్వేచ్ఛ. అది మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉందంట.

మహర్షి తమిళంలో రాసిన ఉళ్లదు నార్పదు పద్యాల్లో గూడా అదే పట్టు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని దాన్నే సద్దర్శనమని సంస్కృతం చేసినాడు. విధి గెలుస్తుందా, మతి గెలుస్తుందా అనే తగాదా, ఆ రెండింటికీ మూలమైన నేను ఎవరో తెలియనోళ్లకేనంట. వాది ఎవరో తేలలేదని కేసు కొట్టేసినట్టు! ప్లీడరుకు అంతకంటే ఏమి చెప్పాల? నాకైతే ఇప్పటికీ అది సగమే దిగింది గొంతులోకి.

ఏమి రా, నవ్వుతావు? విసనకర్ర మళ్లీ చేతికి తీసుకున్నాడా అనా? ఎండాకాలం మధ్యాహ్నం అంటిని గదరా. తిరువణ్ణామలై ఉక్కలో అది ఎంతసేపు కింద ఉంటుంది!