రెండు గడియారాల నడుమ ఫ్యాక్స్

కాజీపేట నుంచి నాగపూర్ వైపు వెళ్లే రైలు బల్లార్షా, చంద్రపూర్ దాటాక భాందక్ అనే స్టేషన్ వస్తుంది. ఊరు భద్రావతి. చుట్టూ బొగ్గు గనులు, ఒక ఆయుధ కర్మాగారం, విజాసన్ బౌద్ధ గుహలు, పార్శ్వనాథుడి జైన మందిరం. వీటికంటే తెలుగువాళ్లకు దగ్గరి చుట్టరికం ఇంకొకటుంది. 1990ల చివర్లో పవర్‌గ్రిడ్ సంస్థ ఇక్కడొక విద్యుత్ మార్పిడి కేంద్రం కట్టింది. దాన్నుంచి 400 కిలోవోల్టుల లైన్లు మన రామగుండానికి వస్తాయి. 1000 మెగావాట్ల దాకా కరెంటు ఇటు తెచ్చుకోవచ్చు, అటు ఇవ్వొచ్చు.

ఆ కేంద్రం చేసే పని మొదటిసారి విన్నవాళ్లకు వృథా ప్రయాసలా అనిపిస్తుంది. ఒక పక్క నుంచి వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మారుస్తుంది. మార్చిన డీసీ ఎక్కడికీ పోదు, ఆ ఆవరణ కూడా దాటదు. అక్కడికక్కడే దాన్ని మళ్లీ ఏసీగా మార్చి రెండో పక్కకు పంపుతుంది. ఇంత తతంగం ఎందుకంటే, అప్పట్లో పశ్చిమ గ్రిడ్, దక్షిణ గ్రిడ్ రెండూ పేరుకు 50 హెర్ట్జ్‌వే గానీ దేని లయ దానిదే. ఒకటి 50 దాటి పరుగెడుతుంటే ఇంకొకటి 49కి దిగువన ఈడ్చుకుంటూ ఉండేది. నేరుగా కలిపితే రెండూ పెనుగులాడి లైను ట్రిప్పవుతుంది. డీసీకి లయ అంటూ లేదు కాబట్టి మధ్యలో దాన్ని పెట్టారు. తర్వాత ఇదే పద్ధతిలో విశాఖ దగ్గర గాజువాకలో తూర్పు గ్రిడ్‌తో దక్షిణ గ్రిడ్‌ను కలిపారు.

ఫ్యాక్స్ కథ చెబుతానని సబ్‌స్టేషన్‌లోకి దూరాడేమిటి అనుకోకండి. ఇంటర్నెట్ ఫోన్ల మీదుగా ఫ్యాక్స్ పంపడానికి ఇంజనీర్లు చివరికి పట్టుకున్న ఉపాయం అచ్చం భద్రావతి ఉపాయమే. వాళ్ల ఇబ్బంది కూడా ఇదే: రెండు కొసల్లో కాలం కలవకపోవడం.

ఆ ఇబ్బంది ఫ్యాక్స్‌కు పుట్టుకతో వచ్చింది. 1843లో ఫ్యాక్స్ లాంటి యంత్రానికి తొలి పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ బెయిన్ స్కాట్లాండ్‌కు చెందిన గడియారాల పనివాడు. పంపే చోట ఒక లోలకం ఊగుతూ అక్షరాల మీద గీతలు గీతలుగా తడుముకుంటూ పోతుంది; అందుకునే చోట ఇంకో లోలకం అదే ఊపులో ఊగుతూ రసాయనం పూసిన కాగితం మీద మరకలు వేస్తుంది. రెండు లోలకాలూ ఒక్క తీరున ఊగితేనే బొమ్మ. ఒకటి కాస్త వెనకబడిందా, అక్షరం వాలిపోతుంది. బెయిన్ దాన్ని జనం వాడే సరుకుగా నిలబెట్టలేకపోయాడు. ఆ పని ఇటలీకి చెందిన పాదిరి జొవాన్ని కసెల్లి చేశాడు. 1865లో పారిస్, లియోన్ నగరాల మధ్య ఆయన యంత్రాలు పనిలోకి దిగాయి. గ్రాహం బెల్ టెలిఫోను పేటెంటు 1876 నాటిది. అంటే మనిషి గొంతు కంటే ముందే మనిషి చేతిరాత తీగెక్కిందన్నమాట.

ఆ తర్వాత వందేళ్లు గబగబా దాటేయొచ్చు. పత్రికల ఫొటోలు, వాతావరణ పటాలు, పోలీసు శాఖల వేలిముద్రలు అందులో వెళ్లేవి. సామాన్యుడికి పనికొచ్చే ఫ్యాక్స్ రావడానికి అంతర్జాతీయ టెలికం సంఘం ఒక ప్రమాణం తేవాల్సొచ్చింది. 1968 నాటి మొదటి తరం యంత్రం పేజీకి ఆరు నిమిషాలు తీసుకునేది, 1976 నాటి రెండో తరం మూడు నిమిషాలు. 1980లో వచ్చిన మూడో తరం, అంటే గ్రూప్-3, పేజీని నిమిషంలోపు దాటించింది. మనం చూసిన ఫ్యాక్సులన్నీ దాదాపు ఇవే. కాగితం అడ్డకొలతను 1728 చుక్కలుగా విడదీసి, తెలుపెంత నలుపెంత అని లెక్కగట్టి, ఆ లెక్కను మోడెం ద్వారా శబ్దంగా మార్చి ఫోన్ లైన్లోకి వదలడం దీని పని.

మన దగ్గర ఫ్యాక్స్ చేసిన మేలును తక్కువగా లెక్కేస్తున్నామని నాకనిపిస్తుంది. టెలిగ్రాం ఇంగ్లిష్‌లో వెళ్లేది, తర్వాత హిందీలోనూ వెళ్లింది. వార్తాసంస్థల టెలిప్రింటర్ కొట్టేది ఇంగ్లిషే, దాన్ని డెస్కులో కూర్చుని తెనిగించుకోవాలి. తెలుగు రాత రాసింది రాసినట్టు తీగ మీద వెళ్లాలంటే దాన్ని బొమ్మగా పంపడమే మార్గం. 1990లలో ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ బోర్డుల కింద ‘ఫ్యాక్స్, జెరాక్స్’ అని చేరాక మండల విలేకరి చేత్తో రాసిన తెల్లకాగితం నిమిషంలో జిల్లా డెస్కుకు చేరింది. అంతకుముందు అదే కాగితం కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిస్తే గానీ వెళ్లేది కాదు. థర్మల్ కాగితం మీద వచ్చిన ఆ వార్త కొన్నాళ్లకు వెలిసిపోయేది. దాచుకోవాలంటే దానికి మళ్లీ జెరాక్స్ తీయించాలి.

ఇంతకీ ఆ శబ్దం ఏమిటి? పంపే యంత్రం మూడేసి సెకన్ల విరామంతో అర సెకను పాటు 1100 హెర్ట్జ్ కూత వేస్తూ ఉంటుంది. అవతలిది లైనెత్తి 2100 హెర్ట్జ్‌తో దాదాపు మూడు సెకన్లు సాగదీసి బదులిస్తుంది. ఈ రెండో కూత తోటి యంత్రానికి ఎంత ముఖ్యమో మధ్యనున్న టెలిఫోన్ నెట్‌వర్క్‌కూ అంతే ముఖ్యం. దూరపు లైన్లలో మన గొంతు మనకే తిరిగి వినపడకుండా ప్రతిధ్వనిని అణిచే పరికరాలుంటాయి. ‘మాట్లాడేది మనిషి కాదు, మీరు తప్పుకోండి’ అని ఆ కూత వాటికి చెబుతుంది. తర్వాత గరగరమంటూ సెకనుకు 300 బిట్ల నెమ్మది భాషలో రెండూ శక్తిసామర్థ్యాలు చెప్పుకుంటాయి. 14,400 వేగం వచ్చా? 9600 సరిపెట్టుకుందామా? వేగం కుదిరాక ఒకటిన్నర సెకను పాటు వట్టి సున్నాలు పంపి లైను నాణ్యత పరీక్షిస్తాయి. అది నెగ్గితేనే పేజీ కదులుతుంది.

పాత డిజిటల్ ఎక్స్ఛేంజీల మీద ఇదంతా హాయిగా సాగింది. వాటిలో మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మార్చేవారు. ఎక్స్ఛేంజీలన్నీ ఆ కొలతను ఒకే మూల గడియారానికి కట్టుబడి తీసేవి. ఎక్కడో అణు గడియారం కొట్టే తాళానికి ఆదిలాబాద్ ఎక్స్ఛేంజీ, చంద్రపూర్ ఎక్స్ఛేంజీ రెండూ అడుగులేసేవి. బెయిన్ లోలకాలు దేనికోసం అవస్థపడ్డాయో అది టెలిఫోన్ శాఖ ఉచితంగా సమకూర్చిందన్నమాట.

ఇంటర్నెట్‌కు అలాంటి గడియారం లేదు, దానికి అవసరమూ లేదు. ఈమెయిల్ ఒక సెకను ఆలస్యమైతే ఎవరికి పట్టింది? అందుకే ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ మొదటి అవతారం ఈమెయిల్ రూపంలోనే వచ్చింది. 1993లో కార్ల్ మలమూద్, మార్షల్ రోజ్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక ప్రయోగం చేశారు. ఫోన్ నంబరును ఈమెయిల్ చిరునామాగా మార్చి ఉత్తరం రాస్తే, ఆ ఊళ్లో ఉన్న కంప్యూటర్ ఒకటి దాన్ని అందుకుని లోకల్ కాల్ ఖర్చుతో ఫ్యాక్స్ కొట్టేది. విదేశీ కాల్ నిమిషానికి పదుల రూపాయలు పలికే రోజులవి. ఈ మలమూద్ మనకు కొత్తవాడేం కాదు. కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో స్కానైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలను తర్వాతి కాలంలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చింది ఆయన సంస్థే. పాత తెలుగు పుస్తకం అక్కడ దించుకున్న ప్రతివాడూ ఆయనకు కాస్త బాకీ ఉన్నట్టే.

అసలు తంటా ఫోన్ కాల్సే ఇంటర్నెట్ ఎక్కడంతో వచ్చింది. 1995లో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ అమ్మకానికి పెట్టింది. అదే ఏడు ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెచ్చింది. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడ్డానికి మాత్రం సర్కారు 2002 ఏప్రిల్ 1 దాకా తలుపు తీయలేదు, తీసినప్పుడూ సగమే తీసింది.

గొంతును ఇంటర్నెట్ మీద చవగ్గా పంపాలంటే కుదించాలి. జి.729 అనే పద్ధతి 64 కిలోబిట్ల గొంతును 8 కిలోబిట్లకు నొక్కేస్తుంది. ఎలాగంటే, అవతల ఉన్నది మనిషి గొంతుకేనని ముందే నమ్మేసి, ఆ గొంతు ఎలా కదిలిందో చెప్పే కొలతలు మాత్రమే పంపుతుంది. మోడెం రొదకు గొంతుక లేదు. కాబట్టి అవతల పుట్టేది ఫ్యాక్స్ కూతలు కావు, వాటిని మనిషి అనుకరించినట్టుండే ఏదో గోల. యంత్రాలు రెండూ కాసేపు అరుచుకుని పెట్టేస్తాయి.

కుదించకుండా జి.711లో పంపితే? కొంత నయం. సాధారణంగా 20 మిల్లీసెకన్ల శబ్దాన్ని ఒక ప్యాకెట్‌గా కట్టి పంపుతారు. ఒక ప్యాకెట్ దారితప్పితే మనిషి చెవికి తెలీదు; పోయిన ముక్క బదులు పక్క ముక్కనే సాగదీసి పూడ్చేస్తారు. 14,400 వేగంతో వెళ్తున్న ఫ్యాక్స్‌కు ఆ 20 మిల్లీసెకన్లలో 288 బిట్లు పోయినట్టు.

ఒక్క ప్యాకెట్ కూడా పోలేదనుకుందాం. అప్పుడు మన పాత గడియారం పేచీ బయటికొస్తుంది. ఫోన్ లైనునూ ఇంటర్నెట్‌నూ కలిపే పెట్టె గేట్‌వే; ఈ కొసన ఉన్న గేట్‌వేలోని గడియారపు క్రిస్టల్‌కూ ఆ కొసన ఉన్నదానికీ పదిలక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకోండి. చాలా చిన్న తేడా. కానీ సెకనుకు 8000 కొలతల లెక్కన 400 సెకన్లు తిరిగేసరికి సరిగ్గా ఒక ప్యాకెట్ ఎక్కువో తక్కువో అవుతుంది. ఎక్కువైతే పారేయాలి, తక్కువైతే కల్పించాలి. రెండు పేజీల ఫ్యాక్స్ ఈలోపు చేరిపోతుంది. పది పేజీల దస్తావేజు అంతా బాగానే వెళ్లి ఎనిమిదో పేజీ దగ్గర తెగిపోయిందంటే ఇదొక కారణం కావచ్చు. పంపినవాడు కాగితం ఇరుక్కుందనుకుంటాడు.

1998 జూన్‌లో వచ్చిన టి.38 ప్రమాణం ఈ దారిని పూర్తిగా వదిలేసింది. శబ్దాన్ని శబ్దంగా మోసుకెళ్లాలన్న పట్టుదలే తప్పంది. ఫ్యాక్స్ మెషీన్ పక్కనున్న గేట్‌వే తానే మోడెంలా నటించి ఆ కూతలు విని, అందులోని బిట్లను బయటికి తీస్తుంది. ఇంటర్నెట్ మీద వెళ్లేది ఆ బిట్లే. అవతలి గేట్‌వే వాటితో కొత్తగా శబ్దం తయారుచేసి, తన గడియారం ప్రకారం, తన దగ్గరి మెషీన్‌కు వినిపిస్తుంది. ఏసీ, డీసీ, మళ్లీ ఏసీ. కాలం లెక్క ఏ గోడకాగోడ దగ్గరే తెగిపోతుంది. ప్యాకెట్ పోతుందేమోనన్న భయానికి ప్రతి ప్యాకెట్‌లోనూ వెనకటి ఒకటి రెండు ప్యాకెట్ల నకళ్లు కూడా పెడతారు. బిట్లు రావడం ఆలస్యమైతే గేట్‌వే ‘వస్తున్నా, వస్తున్నా’ అన్నట్టు ఖాళీ సంకేతాలతో మెషీన్‌ను లైన్లో నిలబెడుతుంది. ఆ నటన ఎక్కువసేపు సాగదు. ఫ్యాక్స్ మెషీన్లకు ఓపిక తక్కువ, కొన్ని ప్రశ్నలకు మూడు సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాయి.

కంప్యూటర్లను ఫోన్ లైను మీద కలిపే మోడెంలకు ఇదే వైద్యం చేయబోతే కుదర్లేదు. ఫ్యాక్స్‌లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటారు. వి.34 మోడెంలు రెండూ ఒకేసారి మాట్లాడతాయి, గంటల తరబడి మాట్లాడతాయి, మధ్యలో వేగం మార్చుకుంటాయి. గేట్‌వే మధ్యలో దూరితే ఈ పక్క 33,600కు, ఆ పక్క 28,800కు కుదిరే ప్రమాదం కూడా ఉంది; అప్పుడు మిగులు బిట్లను ఎక్కడ ఆపాలి, తప్పులు ఎవరు దిద్దాలి? ఇన్ని చిక్కులకూ జవాబు రాసుకుని వి.150.1 ప్రమాణం 2003లో వెలువడేసరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది. అమెరికా రక్షణ శాఖ రహస్య ఫోన్ల లాంటి ప్రత్యేక అవసరాల్లో తప్ప దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నా దృష్టిలో అది ఆలస్యంగా వచ్చిన మంచి పని.

ఆ తర్వాత మన దేశంలో ఒక విచిత్రం జరిగింది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసిపోయింది. దేశమంతటికీ ఒకే లయ. సుమారుగా అదే కాలంలో బీఎస్‌ఎన్‌ఎల్ తన పాత ఎక్స్ఛేంజీలు తీసి, ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఎన్‌జీఎన్ ఎక్స్ఛేంజీలు పెట్టుకుంటూ వచ్చింది. కరెంటు ఒకే తాళంలోకి వస్తుంటే టెలిఫోన్ తన తాళాన్ని వదులుకుందన్నమాట. ఇంట్లో లాండ్‌లైన్ చూడ్డానికి పాతదే. లోపల మాత్రం ప్యాకెట్లు.

ఫ్యాక్స్ పోలేదన్న ప్రతి ఫిర్యాదుకూ నెట్‌వర్కే కారణమనీ అనలేం. 2018 నవంబరు 21న ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ రాసిన లేఖ జమ్మూకశ్మీర్ రాజ్‌భవన్‌కు ఫ్యాక్స్‌లో వెళ్లలేదు. ఆ రాత్రే శాసనసభ రద్దయింది. పండగ రోజు, మెషీన్ దగ్గర మనిషి లేడని అప్పటి గవర్నర్ సత్యపాల్ మలిక్ తర్వాత సెలవిచ్చారు. దానికి టి.38 ఏం చేయగలదు?

అమెరికాలో మన డాక్టర్ల క్లినిక్కుల్లో ఇప్పటికీ రిఫరళ్లు, మందుల చీటీలు ఫ్యాక్స్‌లో తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంటర్నెట్ ఫోన్ లైన్లే. పేజీలు మధ్యలో ఆగిపోతుంటే ఫోన్ల మనిషి వచ్చి చేసేది దాదాపు ఒకటే: ముందు టి.38 రెండు పక్కలా ఆన్ అయి ఉందా చూస్తాడు, లేకపోతే జి.711కి మార్చి ప్రతిధ్వని అణచడం, నిశ్శబ్దాన్ని కత్తిరించడం ఆపేస్తాడు. అప్పటికీ కుదరకపోతే మెషీన్ వేగం 14,400 నుంచి 9600కు తగ్గిస్తాడు. ఆఖరి అస్త్రంగా తప్పులు దిద్దే ఈసీఎంను తీసేస్తాడు. అప్పుడు పేజీలో రెండు మూడు గీతలు చెరిగినా మొత్తం కాగితమైతే చేరుతుంది.