చెరువుకు కట్ట, ఊరికి కట్టుబాటు

మన బడిలో సాంఘిక శాస్త్రం పరీక్షకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుండేది: కాకతీయుల కాలపు చెరువులేవి? రామప్ప, పాకాల, లక్నవరం అని రాస్తే మార్కులు పడేవి. ఆ చెరువులను ఇన్ని వందల ఏళ్లు ఎవరు కాపాడారన్న ప్రశ్న మాత్రం ఏ పేపరులోనూ రాలేదు. నీటిపారుదల పనుల్లో పాతికేళ్లు గడిపాక, అసలు ప్రశ్న అదేనని నాకు అనిపిస్తోంది. ఈ సంచికలో దాని గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

చెరువు ఎలా ఉండాలో మన పూర్వులకు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టిస్తూ వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా ఆ శాసనం లెక్క చెబుతుంది. గట్టి బంకనేల, రాతితో బిగించిన కట్ట, లోతైన గర్భం, దగ్గర్లో రాతి గని, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, నేర్పున్న పనివాళ్లు కావాలి. కట్ట ఊటకారడం, నేల చవుడు కావడం, నీళ్లు తక్కువై సాగునేల ఎక్కువ కావడం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషమేనట! ఈనాటి నదీజలాల తగాదాలు చూస్తున్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు. తెలంగాణలో చాలా చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. పై ఊరి కట్ట తెగితే ఆ వరద కింది ఊరి కట్ట మీద పడుతుంది. కాబట్టి ఒక ఊరి మరమ్మతు మరో ఊరికి రక్షణ. ఈ పని సాగడానికి పాతకాలం వాళ్లు కొన్ని ఏర్పాట్లు చేసుకున్నారు. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి దశబంధం పేరుతో మాన్యాలిచ్చారు. తూము తీసి, మూసి, మడిమడికీ నీళ్లు పెట్టడానికి నీరటి ఉండేవాడు. రాయలసీమలో అతన్నే నీరుగంటి అంటారు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడే అతని వాటా తీసిపెట్టేవారు. పంట పండితేనే అతనికి గింజలు. అందుకే చివరి మడి కూడా తడవాలని అతనూ కోరుకునేవాడు.

చెరువు సగమే నిండిన ఏడు, ఎన్నెకరాలకు నీళ్లు సరిపోతాయో ఆయకట్టు రైతులు కూర్చుని తేల్చుకునేవారు. కొన్నిచోట్ల తూము దగ్గరి నేలనే అందరూ దామాషా ప్రకారం పంచుకుని సాగుచేసేవారు. ఎండాకాలంలో పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. దాంతో చెరువు లోతయ్యేది, చేను సారవంతమయ్యేది.

ఆ రోజులు అందరికీ మంచివని నేననను. వెట్టి ఉండేది. కట్ట మీద మట్టి మోసినవాళ్లలో చాలామందికి ఆయకట్టులో సెంటు భూమి లేదు. మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం చేసి మరీ ఊరివాళ్లతో ఈ చాకిరీ చేయించాలని చూసింది. అలాంటి బలవంతం పోవడం మంచిదే. కానీ బలవంతంతోపాటు బాధ్యత కూడా పోయింది. చెరువు సర్కారుది అయింది, పూడిక ఎవరిదీ కాకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజుల్లో చెరువుల కింద పది లక్షల హెక్టార్లకు పైగా సాగయ్యేది. ఆ శతాబ్దం ముగిసేసరికి అది దాదాపు సగానికి పడిపోయింది.

ఆ ఖాళీలోకి బోరు వచ్చింది. బోరు ఎవరి పొలంలో వేస్తే వారిది. పక్కవాడు ఇంకా లోతుకు వేస్తే మన బోరు ఎండుతుంది. డబ్బున్నవాడు మళ్లీ వేస్తాడు, రెండెకరాలవాడు అప్పు చేస్తాడు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారే, అంటే రెండున్నర ఎకరాలు. అంత చిన్న రైతు సొంతంగా నీటి వనరును సంపాదించుకోలేడు. పదిమందితో కలిసి అయితే నిలుపుకోగలడు. చెరువు అతనికి ఉమ్మడి పెట్టుబడి. చుట్టుపక్కల బావుల్లో ఊట నిలిచేదీ చెరువు నిండితేనే.

ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు. 1997 చట్టంతో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది. పూడిక తీయడం సర్కారు వంతు, ఆ మట్టిని పొలానికి తోలుకోవడం రైతు వంతు అయింది. పాత పద్ధతి ట్రాక్టరెక్కి తిరిగొచ్చిందన్నమాట. కానీ యంత్రం తీసిన పూడిక కొన్నేళ్లకు మళ్లీ చేరుతుంది. ఏటా వానలకు ముందు కట్ట మీద కంపచెట్లు కొట్టి, కట్టుకాలువ సాఫుచేసి, తూము సరిచూసే మనిషి ఊళ్లో ఉండాలి. అతనికి జీతమో గింజలో అందాలి. ఏ అంచనా పత్రంలోనూ ఈ ఖర్చుకు గడి ఉండదు.

ఇక మన సంగతి. ఆయకట్టులో భూమి ఉండి పట్నాల్లో, పరదేశాల్లో ఉంటున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. భూమి పేరు మనది, సాగు కౌలు రైతుది. సంఘం సమావేశానికి మనం వెళ్లం. వెళ్లినా, కాగితాల్లో పేరు లేని కౌలు రైతుకు అక్కడ ఓటు లేదు. మనం చేయగలిగినవి రెండు ఉన్నాయి. మన మడి తడిపినందుకు నీరటికి ఏటా మన వాటా ముట్టజెప్పడం మొదటిది. సమావేశానికి ముందు కౌలుదారుకు ఫోన్ చేసి, తూము సంగతి అడిగి, అతని మాటనే మన మాటగా చెప్పడం రెండోది. రెండింటికీ ఇంజనీరు అక్కర్లేదు.