వైస్రాయ్ గేటు బయట

2019 మే 31, శుక్రవారం. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండ. విశాఖ నుంచి వచ్చిన రైలు మిమ్మల్ని కొత్తవలస జంక్షన్‌లో దించేసి విజయనగరం వైపు సాగిపోయింది. అవతలి లైను మీద కిరండూల్ నుంచి కొండలు దిగివచ్చిన గూడ్సు, పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తెగడం లేదు. టీ కొట్టు బల్ల మీద పేపరు పరిచి ఉంది. నిన్న విజయవాడలో జగన్మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 175 సీట్లలో 151 ఆయన పార్టీవి. తెలుగుదేశానికి 23.

మీరొచ్చింది మాత్రం సినిమాకి. రామ్‌గోపాల్ వర్మ తీసిన 'లక్ష్మీస్ ఎన్టీఆర్' తెలంగాణలో మార్చి 29నే విడుదలైంది. ఇక్కడ ఓట్ల మీద ప్రభావం పడుతుందని ముందు హైకోర్టు, తర్వాత ఎన్నికల సంఘం ఆపాయి. ఓట్లు పడ్డాయి, లెక్కింపూ అయింది. ఇవాళ ఆంధ్రలో తెర లేస్తోంది.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి తగలడం లేదు. మీ పక్క సీట్లో ఒక ముసలమ్మ, ఆవిడ పక్కన మనవడు. చెంగుతో మెడ తుడుచుకుంటూ అడుగుతోంది: "రామారావు సినిమా అన్నావు, బాలకృష్ణ వేసినాడు గదా. అది కాదేటి ఇది?"

"అది కాదే మామ్మా, ఇది వేరే."

నిజంగానే వేరే. ఫిబ్రవరి 22న వచ్చిన 'మహానాయకుడు'లో తండ్రి వేషం కొడుకే కట్టాడు. క్రిష్ తీసిన ఆ సినిమాకి ఆయువుపట్టు 1984 ఆగస్టు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుని ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని గద్దె ఎక్కించారు. ఎమ్మెల్యేలను ముందు రామకృష్ణా స్టూడియోలో, ఆ తర్వాత కర్ణాటకలో కాపాడుకుంటూ, ఢిల్లీలో రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు లెక్క చూపించి, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. అక్కడితో ఆ సినిమా ఆగిపోతుంది. అందులో అల్లుడు చంద్రబాబు మామకి కుడిభుజం. ఈ సినిమా ఆ తర్వాత మొదలవుతుంది, ఇందులో అదే అల్లుడు ప్రతినాయకుడు. ఒకే ఏడాది వచ్చిన రెండు సినిమాలు ఒకే మనిషి బతుకుని చెరో సగం పంచుకున్నాయి.

దీపాలు ఆరాయి. 1989లో ఓడిన రామారావు ఒంటరిగా ఉన్నారు. పి. విజయ్‌కుమార్ ముఖంలో, నడకలో ఆ పోలిక కనబడగానే హాల్లో ఈలలు. జీవితచరిత్ర రాస్తానంటూ లక్ష్మీపార్వతి వస్తుంది. యజ్ఞా శెట్టి ఆ పాత్రని గొంతు పెంచకుండా చేసింది. 1993లో పెళ్లి. ఇంట్లో అలకలు, గుసగుసలు, తలుపుల చాటున చూపులు. శ్రీతేజ్ చంద్రబాబుగా తెర మీదకి రాగానే వెనక వరసల్లో కేకలు మొదలయ్యాయి. ఎనిమిది రోజుల కిందటి ఫలితాల వేడి ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు కళ్లు మూసుకోండి. తెర వదిలేసి అసలు చోటికి వెళ్దాం.

1995 ఆగస్టు ఆఖరి రోజులు, హైదరాబాద్. హుస్సేన్‌సాగర్ పక్కన వైస్రాయ్ హోటల్. గేటు మూసి ఉంది. లోపల చంద్రబాబు వైపు చేరిన తెలుగుదేశం ఎమ్మెల్యేలు. తొమ్మిది నెలలైనా కాలేదు 294లో 216 సీట్లతో గెలిచి. మీరు గేటు బయట గుంపులో ఇరుక్కున్నారు. రామారావు ప్రచార వ్యాను చైతన్యరథం వచ్చి ఆగింది. పైన 72 ఏళ్ల మనిషి, పక్కన భార్య. ముఖ్యమంత్రి ఇంకా ఆయనే. ఈ రాష్ట్రంలో పోలీసు లాఠీ, గవర్నరుకి రాసే సిఫారసు, సంతకం చేసే కలం అన్నీ ఆయన చేతిలోవే. అయినా రోడ్డు మీద నిలబడి, తాను టికెట్లిచ్చి గెలిపించిన వాళ్లని బయటికి రమ్మని పిలుస్తున్నారు. తలుపులు తెరుచుకోలేదు. చెప్పులు వచ్చి పడ్డాయి.

ఆ వ్యాను ఎక్కి ఊరూరా తిరిగినప్పుడు స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. ఈ రోజు ఆ కొడుకూ అవతలి శిబిరంలోనే. లక్ష్మీపార్వతి పార్టీలో, ప్రభుత్వంలో వేలు పెడుతోంది, పార్టీని కాపాడుకోవాలంటే ఇదొక్కటే దారి అన్నది లోపలున్న వాళ్ల మాట. వెన్నుపోటు అన్నది వ్యాను మీదున్న మనిషి మాట. సభ రద్దు చెయ్యమని ఆయన సిఫారసు చేసినా గవర్నర్ కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. ఆగస్టు 31న రాజీనామా. మర్నాడు చంద్రబాబు ప్రమాణం. 1984లో తెలుగునేలంతా రోడ్డెక్కింది. 1995లో ఎక్కలేదు. ఢిల్లీ చేసిన అన్యాయం అందరికీ తగిలింది, ఇంట్లోంచి వచ్చిన దెబ్బ ఇంటి తగువులా కనబడింది. నాకు తోచిన కారణం ఇదే. వర్మ సినిమా కూడా ఆ ఇంటి గడప దాటి బయటికి రాలేదు.

కళ్లు తెరవండి. తెర మీద ముసలాయన కుంగిపోతున్నారు. ముసలమ్మ ఏడవడం లేదు. సీటు అంచుకి జరిగి కూర్చుంది.

"నాను ఓటేసినాను ఈ రామారావు బాబుకి," అంది, మీతోనే. "పెళ్లాం మాట ఇన్నాడని కొందరు, అల్లుడు మోసం సేసినాడని కొందరు. ఆరి ఇంటి గొడవ ఆరిది. నానేసిన ఓటు బియ్యానికీ, మందు మానిపిస్తానన్నందుకూను."

ఈ మాట రెండు సినిమాల్లోనూ లేదు. 1994 ఎన్నికల్లో రామారావు ఇటు శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో, అటు హిందూపురంలో నిలబడి రెండుచోట్లా గెలిచారు. అవి ఆడవాళ్లు కట్టబెట్టిన గెలుపులు. దూబగుంట ఊరి ఆడవాళ్ల నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993లోనే సారా ఆగింది. బ్రాందీ, విస్కీ కూడా ఆపుతానన్నది ఆయన మాట. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండు రూపాయల కిలో బియ్యమూ తిరిగొచ్చింది. హోటల్ గదుల్లో లెక్క మారాక 1996లో ఆ బియ్యం ధర మూడున్నర అయింది, 1997లో నిషేధం సడలింది. ఖజానా మోయలేకపోతోందని కొత్త ప్రభుత్వం చెప్పింది. 1999లో అదే జనం చంద్రబాబుని గెలిపించారు, అదీ నిజమే. కానీ 1994లో వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఏ మాట కోసం వేలికి సిరా పూయించుకున్నారో ఆ మాట మార్చేముందు వాళ్లని ఎవరూ అడగలేదు. అసలు కుంభకోణం ఇదీ అంటాను నేను. కెమెరా ఆ వైపు తిరగలేదు.

తెర మీద 1996 జనవరి 18 వచ్చింది. రామారావు పోయారు. వెనక వరసల్లో ముక్కు చీదుతున్న చప్పుడు. దీపాలు వెలిగాయి.

బయట మెట్ల మీద మనవడు చెయ్యి అందిస్తే ఆవిడ విదిలించుకుంది. "మూడున్నర సేసినప్పుడు కార్డు మీద నెలకి ఎంత ఎక్కువ పడిందో తెలుసా బావూ నీకు?" అని మిమ్మల్ని నిలేసింది. మీరు లెక్క కట్టేలోపే ఆవిడే మొదలెట్టింది, కిలోకి రూపాయిన్నర చొప్పున.