కొత్త లాప్‌టాప్, పాత కెర్నెల్, మా ఊరి చాపకూడు

కొత్త లాప్‌టాప్ మీద లైనక్స్ ఎక్కలేదనగానే మనవాళ్ళు "ఫ్రీగా వచ్చేది అలాగే ఉంటుందిలే" అనేస్తారు. రోజంతా ఆఫీసులో లైనక్స్ సర్వర్ల మీద బతికేవాళ్ళు కూడా! ఈ గొడవకి ముప్ఫై ఏళ్ళు దాటిన చరిత్ర ఉందండీ.

1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ తన 386 మెషీన్ కోసం రాసుకుంటున్న కెర్నెల్ గురించి చెబుతూ, తన దగ్గరున్న ఏటీ హార్డ్ డిస్కులు తప్ప ఇంకేవీ బహుశా ఎప్పటికీ పనిచెయ్యవేమో అన్నాడు. అంటే ఎవరి దగ్గర ఏది ఉంటే దానికే డ్రైవరన్నమాట. విండోస్‌కైతే చిప్పు చేసినవాడే రాసిస్తాడు. లైనక్స్‌కి చాలాసార్లు చిప్పు కొన్నవాడే రాసుకోవాల్సొచ్చేది. బ్రాడ్‌కామ్ వైఫైనే తీసుకోండి. కంపెనీ వివరాలివ్వలేదు. కొందరు రివర్స్ ఇంజనీరింగ్ చేసి రాసిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. అంతకుముందు ఎన్‌డిస్‌రాపర్ పెట్టి విండోస్ డ్రైవర్నే లైనక్స్‌లో నడిపించేవాళ్ళు (ఇంతకన్నా మొండి ఉపాయం నేను చూళ్ళేదు). కంపెనీ తనంతట తను ఓపెన్ డ్రైవరు ఇచ్చింది 2010లో, అదీ కొత్త చిప్పులకే.

మాది కారంపూడి. ఏటా కార్తీకంలో వీర్ల తిరునాళ్ళప్పుడు చాపకూడు పెడతారు, బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే నాకదే గుర్తొస్తుంది. కాకపోతే ఈ పంక్తిలోకి చిప్పు కంపెనీలు బాగా ఆలస్యంగా వచ్చాయి. ఎన్‌విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ళు ఓపెన్ చేసింది 2022లో! ఫర్మ్‌వేర్ సంగతి మరీను. అది పంక్తిలో కూర్చుని, సొంత క్యారేజీ మూత తియ్యకుండా తినే రకం. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వాళ్ళు దాన్ని ఇన్‌స్టాలర్లోనే పెట్టేశారు. ఛాందసులకి నచ్చలేదు కానీ, నాకైతే సబబే అనిపించింది.

మా బాబాయ్ మిరపకాయలమ్మిన డబ్బుతో ఇంజనీరింగ్ చదివే కొడుక్కి డెబ్బై వేల లాప్‌టాప్ కొన్నాడు. వాడు లైనక్స్ ఎక్కించబోతే ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపళ్ళేదు. "అన్నయ్యా, డిస్కు పోయిందా? నాన్నకేం చెప్పను?" అని ఫోను. పోలేదు. ఫ్యాక్టరీలోనే స్టోరేజిని ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో పెట్టి పంపారు. బయాస్‌లో ఏహెచ్‌సీఐకి మారిస్తే కనపడుతుంది. కానీ ఊరికే మార్చేస్తే విండోస్ లేవదు. అందుకని ముందు బిట్‌లాకర్ రికవరీ కీ కాయితం మీద రాయించాను. విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు బయాస్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్ళొచ్చి, ఆ సెట్టింగు తీసేయించాను. రెండూ బతికాయి.

తర్వాత వైఫై లేదు. ఇక్కడ తేడా వయసులో ఉంది. ఉబుంటు 24.04 వచ్చింది 2024 ఏప్రిల్‌లో, 6.8 కెర్నెల్‌తో. ఇంటెల్ లూనార్ లేక్ లాప్‌టాప్‌లు అమ్మకానికొచ్చింది ఆ సెప్టెంబరులో. బజారుకే రాని చిప్పుకి ఆ కెర్నెల్లో అన్నీ సిద్ధంగా ఎలా ఉంటాయి? అందుకే ఉబుంటు వాళ్ళు 2013 నుంచీ ఎల్‌టీఎస్ మధ్యలో కొత్త కెర్నెల్ ఇస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో 24.04.2కి 6.11 అలా వచ్చిందే.

మావాడు ఫోన్ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఆ నెట్టుతో కొత్త కెర్నెల్ దించుకున్నాడు. వైఫై వచ్చింది. మూత మూసి తెరిస్తే మాత్రం ఇంకా సరిగ్గా లేవట్లేదట.