మనదనుకున్న మాట మరపు రాదు

యూఏఈలో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి ‘షుక్రన్’ దాటి అరబిక్ రాదు. ఆఫీసులో ఇంగ్లీషు, టాక్సీలో హిందీతో పని జరిగిపోతుంది. పిల్లలకు అలా కుదరదు. ఇక్కడి ప్రైవేటు స్కూళ్ళలో అరబ్బులు కాని పిల్లలకు కూడా చిన్న తరగతుల నుంచే అరబిక్ తప్పనిసరి. మా అమ్మాయి పరీక్ష ముందురోజు ఒక్కో మాటా పదేసి సార్లు రాస్తుంది, వారం తిరిగేసరికి సగం మరచిపోతుంది.

దీనికి పనికొచ్చే ప్రయోగం ఒకటుంది. 1977లో కెనడాలో రోజర్స్, కైపర్, కిర్కర్ అనే ముగ్గురు, మనుషుల గుణాలు తెలిపే 40 మాటలు కొందరికి చూపించారు. కొన్ని మాటలకు “అక్షరాలు పెద్దవా?” అని, కొన్నిటికి “ఫలానా మాటతో ప్రాస కుదురుతుందా?” అని, కొన్నిటికి “ఫలానా అర్థమేనా?” అని, మిగతావాటికి “ఇది మీకు వర్తిస్తుందా?” అని అడిగారు. తర్వాత చెప్పాపెట్టకుండా గుర్తున్నవి రాయమంటే, తమకు అన్వయించుకున్న మాటలే ఎక్కువ రాశారు. మన గురించి మనకు తెలిసినంతగా మరేదీ తెలియదు కదా, కొత్త మాట తగిలించడానికి అక్కడ కొక్కేలు ఎక్కువ.

‘మనం’ అంటే ఎవరన్నది మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. 2007లో వచ్చిన ఒక స్కానింగ్ పరిశోధనలో, చైనావాళ్ళు తమ గురించి ఆలోచించినా, అమ్మ గురించి ఆలోచించినా మెదడు ముందువైపు ఒకే భాగం పనిచేసింది. పాశ్చాత్యుల్లో అలా కనిపించలేదు. (మన మీద చేస్తే చైనావాళ్ళలాగే వస్తుందని నా అనుమానం!)

అరబిక్ విషయంలో తెలుగువాళ్ళకు కొక్కేలు ముందే ఉన్నాయి. జవాబు, దుకాణం, తారీఖు, ఖాళీ, హాజరు – ఇవన్నీ అరబిక్ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చినవే. అరబిక్‌లో ‘హాదిర్’ అంటే హాజరు. “టీచరు నీ పేరు పిలిస్తే ఏమంటావు?” అని పిల్లని అడగండి, ఆ మాట పదిసార్లు రాయించక్కర్లేదు. అన్నం తిన్నాక “నీ గిన్నె ఖాళీయేనా?” అంటే ఇంకో మాట. కాస్త జాగ్రత్త కూడా అవసరం. వకీలు అంటే మనకు లాయరే, ఇక్కడ ఏజెంటు కూడా వకీలే.

ఈ గుణమే ఆలోచనను పక్కదారి కూడా పట్టిస్తుంది. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు, ఇంటిపనుల్లో ఎవరి వాటా ఎంతో భార్యాభర్తలను విడివిడిగా అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి వాటాలు కలిపితే నూటికి నూరు దాటాయి. ఎవరు చేసిన పని వాళ్ళకే బాగా గుర్తుంటుంది మరి. మా ఇంట్లో ఆ లెక్క వేసే ధైర్యం నేనింకా చేయలేదు.