కలకత్తా రేవునుండి మధ్యధరా తీరమునకు

హుగ్లీ నదియొడ్డున, కలకత్తా నగరమున, తెల్లని స్తంభములతో నొక మండపము కలదు. దానిని ప్రిన్సెప్ ఘాట్ అందురు. బ్రాహ్మీలిపి మర్మమును విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ స్మారకముగా 1843లో దానిని నిర్మించిరి. అశోకుని శాసనములలో యవనరాజుల పేర్లను, వారిలో అలెగ్జాండ్రియా రాజధానిగా ఈజిప్టు నేలిన టాలెమీ పేరును, 1838లో చదివి లోకమునకు తెలిపినవాడు ఇతడే. ఆ శాసనమాలయే కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపైనను చెక్కబడియున్నది. ఇరువది రెండు శతాబ్దములకు పూర్వము ధర్మసందేశము మధ్యధరా తీరమునకు పోయినదని ఆ రాతలు చెప్పుచున్నవి. అట్టి దేశముననే పందొమ్మిదవ శతాబ్దము నాటికి సముద్రము దాటుట పాపముగా ఎంచబడెను. ఈ ఘట్టముననే ఓడనెక్కిన వారి కథను చెప్పుకొనునపుడు ఈ వైపరీత్యమును మరువరాదు.

నాడు కలకత్తానుండి యూరపునకు పోదలచినవాడు మొట్టమొదట మార్గమును నిర్ణయించుకొనవలసియుండెను. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టిపోవు తెరచాప ఓడకు నెలలు పట్టెడిది. ఆవిరి ఓడలు వచ్చిన పిదప సూయజ్ వరకు నీటిపైన, అచ్చటనుండి ఎడారిమీదుగా కైరోకు, తరువాత అలెగ్జాండ్రియాకు పోయి మరియొక ఓడ నెక్కు పద్ధతి ఏర్పడెను. అలెగ్జాండ్రియా కైరోల నడుమ 1856లోను, కైరో సూయజ్‌ల నడుమ 1858లోను రైలు నడచెను. అలెగ్జాండ్రియానుండి సౌతాంప్టన్ వరకు ఓడలోనే పోవచ్చును. కాదన్నచో మార్సేల్స్‌లో దిగి ఫ్రాన్సు మీదుగా రైలులో పోవచ్చును. రెండవది త్వరితమైన మార్గము, కాని వ్యయము హెచ్చు. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరచిరి. 1870లో కలకత్తా బొంబాయిలను రైలుమార్గము కలిపెను. అటుపిమ్మట బంగాళీ యాత్రికులలో పలువురు ముందుగా రైలెక్కి, బొంబాయిలో ఓడనెక్కజొచ్చిరి. పదునేడేండ్ల రవీంద్రనాథుడు 1878లో ఇట్లే బయలుదేరెను.

కలకత్తాలోనే ఓడ నెక్కువారికి తొలి గండము సముద్రము కాదు, నదియే. హుగ్లీలో ఇసుకతిన్నెలు స్థానము మార్చుచుండును. ఆటుపోటుల వేళ ఎరిగిన పైలట్ లేనిదే ఓడ కదలదు. దామోదరము, రూపనారాయణము వచ్చి కలియు తావున జేమ్స్ అండ్ మేరీ అను తిన్నె ఎన్నియో నావలను మ్రింగినది. 1694లో అచ్చట మునిగిన ఓడ పేరే దానికి నిలిచినది.

మార్గము తెలిసెను, పైలట్ దొరకెను. ఇక ద్రవ్యము. ద్వారకానాథ ఠాకూరుకు దాని కొరత లేదు. ఆయన 1842 జనవరి 9న తన సొంత ఆవిరి ఓడయైన 'ఇండియా'లోనే బయలుదేరెను. వైద్యుడు, బంధువు, సేవకులు, వంటవాడు వెంటనుండిరి. ఇటలీ చూచెను, ఇంగ్లండున రాణి విక్టోరియా దర్శనము చేసెను. ఆ యేడాది చివర ఇల్లు చేరునప్పటికి కులపెద్దలు ప్రాయశ్చిత్తము చేసికొమ్మనిరి. ఆయన నిరాకరించెను. 1845లో మరల యూరపునకు పోయి, మరుసటి యేడు ఆగష్టు 1న లండనులో కన్నుమూసెను. సొంత ఓడ గలవానికిని తిరిగివచ్చుటే కష్టమైనది.

మైకేల్ మధుసూదన దత్తుకు కులభయము లేదు. క్రైస్తవము స్వీకరించి ఆయన దానిని ఎన్నడో దాటెను. బారిష్టరు చదువుకై 1862 జూనులో బయలుదేరునపుడు, తన ఆస్తిపై రాబడి క్రమముగా అందునట్లు ఏర్పాటు చేసికొనెను. కాగితముపై ఆ లెక్క సరిగానేయుండెను. కాని సొమ్ము రాలేదు. భార్యాబిడ్డలతో వెర్సాయి పట్టణమున అప్పులపాలై, 1864లో ఈశ్వరచంద్ర విద్యాసాగరునకు జాబు వ్రాసెను. విద్యాసాగరుడు సొమ్ము పంపి ఆ కుటుంబమును కాపాడెను. విదేశమున ఆ కవిని నిలిపినది పత్రము కాదు, ఒక మనిషి మాట.

1868 మార్చి 3న సురేంద్రనాథ బెనర్జీ, రమేశచంద్ర దత్తు, బిహారీలాల్ గుప్త అను ముగ్గురు యువకులు సివిల్ సర్వీసు పరీక్షకై 'ముల్తాన్' అను ఓడలో పయనమైరి. సురేంద్రనాథుని తండ్రికి ప్రయాణము ఇష్టమే. తల్లికి మాత్రము చెప్పలేదు. సన్నాహమంతయు గుట్టుగా సాగినది. బయలుదేరుటకు ముందు ఆమెకు చెప్పక తప్పినది కాదు. విన్నంతనే ఆ తల్లి మూర్ఛిల్లెనని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. 1871లో ఆయన అధికారియై తిరిగివచ్చెను. అంతవరకు ఆ యింట కలిసి భుజించిన వారే తరువాత ఆ కుటుంబముతో పంక్తిని కూర్చొనుట మానిరి.

దారి, సొమ్ము, ఆరోగ్యము అన్నియు ముందుగా లెక్కింపదగినవి. తిరిగివచ్చినవానికి పంక్తిలో చోటుండునా అన్నది మాత్రము ఏ లెక్కకును అందలేదు.

కాలము నెమ్మదిగా మారెను. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు పడమటి దేశములనుండి కలకత్తా చేరినపుడు యువకులు బండి గుర్రములను విప్పి తామే లాగిరి. ఆక్షేపించినవారు లేకపోలేదు, కాని వారి గొంతు ఆ జయధ్వానములో వినబడలేదు. 1899 జూన్ 20న ఆయన మరల, ఈసారి ప్రిన్సెప్ ఘాట్‌నుండి, తురీయానందునితోను నివేదితతోను ఓడనెక్కెను. ఆ ఓడ పేరు 'గోల్కొండ'. కలకత్తాలో ప్లేగు ఉన్నందున మద్రాసులో ఆయనను దిగనీయలేదు. జనులు పడవలలో వచ్చి దూరమునుండి చూచి పోయిరి. సూయజ్‌లో ఈజిప్టు కూలీలు ఓడను ముట్టరాదు. ఖలాసీలే సరకును దించి, తగులకుండ పడవలలో వేయవలసివచ్చెను. అంటు సోకినచో నేపుల్స్‌లో గాని మార్సేల్స్‌లో గాని దిగు వీలుండదు. ముట్టు, మైల అని తోటివారిని దూరముంచిన దేశమునుండి వచ్చిన ఓడయే ఇప్పుడు అంటరానిదయ్యెను. ఈ ముచ్చటలన్నియు ఆయన 'ఉద్బోధన్' పత్రికకు వ్రాసిన లేఖలలో, నలుగురు మాటలాడుకొను బంగాళీలో, నవ్వుచు చెప్పెను. అవియే తరువాత 'పరివ్రాజక' గ్రంథమైనవి. నేపుల్స్, మార్సేల్స్ రేవులు దాటి జూలై 31న ఓడ లండను చేరెను.

ఆ యాత్ర ముగింపు ఎవరును ముందుగా ఏర్పాటు చేసినది కాదు. 1900 డిసెంబరు 9 రాత్రి ముందుగా కబురైనను లేకుండ వివేకానందుడు బేలూరు మఠము చేరెను. ద్వారము మూసియున్నది. లోపల భోజనపు గంట మ్రోగినది. ఆలస్యమైనచో అన్నము దొరకదని గోడ దూకి లోనికి పోయెను. తోటి సన్న్యాసులు ఆనందముతో ఆసనము వేసి కిచిడీ వడ్డించిరి. ఆయన వారి పంక్తిలో కూర్చుండి తృప్తిగా తినెను.